క్రీడోత్సవాల చుట్టూ పిల్లల పోటీలు: బొమ్మ గీయడానికీ మరో దేశాన్ని తెలుసుకోవడానికీ మధ్య దూరం ఎంత?

పెద్ద క్రీడోత్సవం ఏదైనా రాబోతోందంటే, మైదానాలు సిద్ధం కాకముందే బడి పిల్లలకు పిలుపులు మొదలవుతాయి. మస్కట్, అంటే క్రీడోత్సవానికి గుర్తుగా నిలిచే బొమ్మ, గీయమంటారు, శాంతి మీద చిత్రం వేయమంటారు, పాల్గొనే దేశాల గురించి వ్యాసం రాయమంటారు, నినాదం పంపమంటారు. 2026 ఒక్క ఏడాదిలోనే ఫిబ్రవరిలో ఇటలీలో మిలానో కోర్టినా శీతాకాల ఒలింపిక్స్, జూన్, జూలై నెలల్లో అమెరికా, కెనడా, మెక్సికో దేశాల్లో ఫుట్‌బాల్ ప్రపంచ కప్, జూలై చివర్లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడలు, సెప్టెంబరులో జపాన్‌లోని ఐచి-నగోయా ఆసియా క్రీడలు, అక్టోబరు 31 నుంచి సెనెగల్ రాజధాని డకార్‌లో యూత్ ఒలింపిక్స్ వరుసగా ఉన్నాయి. 2030 కామన్వెల్త్ క్రీడల ఆతిథ్యం 2025 నవంబరులో అహ్మదాబాద్‌కు ఖరారైంది కాబట్టి ఇలాంటి పిలుపులు భారతదేశంలోని బడులకు కూడా రావచ్చు.

ఈ ప్రకటనల్లో దాదాపు ప్రతిదానిలోనూ 'పోటీ', 'స్నేహం', 'సంస్కృతి' అనే మాటలు పక్కపక్కనే కనిపిస్తాయి. దాంతో తల్లిదండ్రులకూ ఉపాధ్యాయులకూ కొన్ని సందేహాలు వస్తాయి. బహుమతి రాని వేలమంది పిల్లలకు ఇందులో ఏం దక్కుతుంది? గెలిచిన బొమ్మ మీద హక్కు గీసిన బిడ్డదా, నిర్వాహకులదా? ఒక దేశపు జెండాకు రంగులు వేసినంత మాత్రాన ఆ దేశం గురించి ఏమైనా తెలుస్తుందా? వీటికి జవాబులు కార్యక్రమం పేరులో దొరకవు. దాని నియమావళిలో దొరుకుతాయి. అందువల్ల ఆ నియమాలు ఎలా పనిచేస్తాయో మొదటినుంచి చూడటం అవసరం.

ఒకే ప్రకటనలో కలిసిపోయే మూడు వేర్వేరు పనులు

మొదటిది పోటీ. పోటీలో అసలు పని ఎంపిక. ఎంతమంది పంపినా చివరికి నిలిచేది ఒకటో రెండో. పదివేల ఎంట్రీలు వచ్చిన చోట పది బహుమతులు ఉంటే 9,990 మంది పిల్లలకు మిగిలేది, ఇస్తే, ఒక ప్రశంసాపత్రం.

రెండవది సహసృజన. ఇక్కడ ఒక బిడ్డ గీసిన బొమ్మను మరొకరి బొమ్మతో పోల్చి తీసేయరు. కొంతమంది పిల్లలను ఒక చోట చేర్చి, వారి ఆలోచనలన్నిటినీ కలిపి, వృత్తి చిత్రకారుల సాయంతో ఒక రూపం తెస్తారు. ఫలితం అందరిదీ అవుతుంది, ఏ ఒక్కరిదీ కాదు.

మూడవది సాంస్కృతిక ఆదానప్రదానం. ఇందులో రెండు పక్షాలు ఉండి తీరాలి. ఒక తరగతి పిల్లలు మరో దేశపు పిల్లలకు ఏదో పంపాలి, వారినుంచి ఏదో అందుకోవాలి, అందుకున్నదాన్ని బట్టి తమ తలపుల్లో కొంత సవరణ జరగాలి. ఇందులో గెలుపోటములు ఉండవు. ఇది చాలాకాలం నడవాలి, ఎక్కువమందికి చేరాలి.

ఈ మూడింటి తర్కం ఒకదానికొకటి ఎదురుగా ఉంటుంది. పోటీ సంఖ్యను తగ్గించుకుంటూ పోతుంది, ఆదానప్రదానం పెంచుకుంటూ పోవాలి. పోటీకి గడువు తేదీ ప్రాణం, ఆదానప్రదానానికి అది అడ్డు. పోటీలో తీర్పు చెప్పేది పెద్దలు, ఆదానప్రదానంలో అవతలి పిల్లల స్పందనే ముఖ్యం. చాలా కార్యక్రమాలు పోటీని నిర్వహించి ఆదానప్రదానం జరిగినట్లు చెప్పుకోవడానికి కారణం దురుద్దేశం కానవసరం లేదు. పోటీని నడపడం తేలిక, లెక్క చెప్పడం ఇంకా తేలిక. ఎన్ని ఎంట్రీలు వచ్చాయో ఒక అంకెలో చెప్పవచ్చు, ఎంతమందికి అవతలి దేశం అర్థమైందో చెప్పలేము.

ఒలింపిక్స్‌లో కళకు పతకాలు ఇచ్చిన కాలం

క్రీడోత్సవంలో కళను పోటీగా పెట్టడం కొత్త ఆలోచన కాదు. ఆధునిక ఒలింపిక్స్‌కు మూలపురుషుడైన పియర్ ది కూబెర్తాన్ కోరిక మేరకు 1912 స్టాక్‌హోమ్ క్రీడలనుంచి 1948 లండన్ క్రీడల వరకు ఏడు ఒలింపిక్స్‌లో వాస్తుకళ, సాహిత్యం, సంగీతం, చిత్రలేఖనం, శిల్పం అనే ఐదు విభాగాల్లో పోటీలు జరిగాయి. రచన ఏదైనా క్రీడే ఇతివృత్తంగా ఉండాలన్నది షరతు. 1912లో సాహిత్య విభాగంలో స్వర్ణం పొందిన కవితను మారుపేర్లతో పంపింది స్వయంగా కూబెర్తానే.

అవి పెద్దల పోటీలు. అయినా వాటి ముగింపు మన విషయానికి సంబంధించినదే. అప్పట్లో ఒలింపిక్స్ ఔత్సాహికులకే పరిమితం. కళాకారులు మాత్రం తమ కళను అమ్ముకుని బతికేవారు. ఈ వైరుధ్యం పరిష్కారం కాక 1948 తర్వాత పతకాలను ఎత్తివేసి, కళకు ప్రదర్శనలు, ఉత్సవాల రూపంలో చోటు కల్పించారు. ఒలింపిక్ ఉద్యమపు మూల నియమావళి అయిన ఇప్పటి ఒలింపిక్ చార్టర్ కూడా ఆతిథ్య నగరం సాంస్కృతిక కార్యక్రమాలు నిర్వహించాలనీ, అవి కనీసం క్రీడాగ్రామం తెరిచి ఉన్న కాలమంతా సాగాలనీ చెబుతుందే తప్ప కళలో విజేతలను తేల్చమని చెప్పదు. అంటే పెద్దల విషయంలో ఒలింపిక్ ఉద్యమం పోటీని వదిలి ప్రదర్శనవైపు వచ్చింది. పిల్లల విషయంలో మాత్రం పోటీ అనేక రూపాల్లో కొనసాగుతూనే ఉంది. దీని మీద జరగవలసినంత చర్చ జరగలేదని నా అభిప్రాయం.

ప్రదర్శనవైపు తిరిగిన మార్పు పిల్లలదాకా చేరిన సందర్భాలు లేకపోలేదు. 1968 మెక్సికో క్రీడల నిర్వాహకులు ఏడాది పొడవునా నడిపిన సాంస్కృతిక కార్యక్రమంలో ప్రపంచ బాలల చిత్రలేఖన ఉత్సవం ఒక భాగం. అక్కడ బొమ్మలు పక్కపక్కన నిలిచాయి.

మస్కట్ పిల్లల చేతిలోంచి వచ్చినప్పుడు

పిల్లల ఊహకు క్రీడోత్సవంలో అందరికీ కనిపించే చోటు మస్కట్. బ్రిటన్‌లో జరిగిన, జరిగే మూడు కామన్వెల్త్ క్రీడలను వరుసగా చూస్తే పద్ధతులు ఎలా మారాయో తెలుస్తుంది. 2014 గ్లాస్గో క్రీడల మస్కట్ 'క్లైడ్' స్కాట్లాండ్ జాతీయ పుష్పమైన తిసిల్‌కు మనిషి రూపం ఇచ్చిన బొమ్మ. దాని ఊహ ఒక పోటీలో గెలిచిన 12 ఏళ్ల బాలికది. 2022 బర్మింగ్‌హామ్ క్రీడల మస్కట్ 'పెర్రీ' అనే ఎద్దు కూడా పదేళ్ల బాలిక ఒక జాతీయ పోటీకి పంపిన బొమ్మనుంచే వచ్చింది. 2026 గ్లాస్గో క్రీడల మస్కట్ 'ఫిన్నీ' అనే ఒంటికొమ్ము గుర్రం విషయంలో పద్ధతి మారింది. నగరంలోని వేర్వేరు బడుల పిల్లల బృందం ఆలోచనలను కలిపి దాన్ని రూపొందించారు. గ్లాస్గోలోని ఒక ప్రసిద్ధ విగ్రహం తలమీద జనం సరదాగా పెట్టే ట్రాఫిక్ కోన్‌ను తలపించేలా ఫిన్నీ కొమ్మును తీర్చారు. ఆ ఊరి బిడ్డలకు తప్ప మరొకరికి తట్టని ఊహ అది.

రెండు పద్ధతులకూ బలాలున్నాయి. పోటీలో గెలిచిన బిడ్డకు 'ఇది నా బొమ్మ' అనే గర్వం జీవితాంతం ఉంటుంది, మిగతా పిల్లలకు 'మాలో ఒకరు చేయగలిగారు' అనే నమ్మకం కలుగుతుంది. సహసృజనలో ఎవరి బొమ్మా పక్కకు పోదు. కాని పిల్లలందరి ఆలోచనలూ కలిసినప్పుడు వాటిని కలిపే పెద్దల చేయి బలపడుతుంది, చివరి రూపంలో పిల్లల పాలు ఎంతో తేల్చి చెప్పడం కష్టమవుతుంది. పోటీలో గెలిచిన బొమ్మను కూడా వృత్తి చిత్రకారులు మళ్లీ గీస్తారన్నది నిజమే. అయితే అక్కడ మొదటి కాగితం ఒకటి ఉంటుంది, దానితో పోల్చి చూసుకోవచ్చు.

మిలానో కోర్టినా నిర్వాహకులు మధ్యేమార్గం ఎంచుకున్నారు. ఇటలీలోని ప్రాథమిక, మాధ్యమిక బడులనుంచి తరగతులవారీగా ఆలోచనలు పంపమన్నారు. 1,600కు పైగా వచ్చాయి. వాటిలోంచి కలాబ్రియా ప్రాంతంలోని తవెర్నా అనే చిన్న ఊరి బడి పిల్లలు ఊహించిన రెండు స్టోట్‌లు, అంటే ముంగిసను పోలిన చిన్న జంతువులు, టీనా, మీలో అనే పేర్లతో మస్కట్‌లు అయ్యాయి. వికలాంగ క్రీడాకారులు పోటీపడే పారాలింపిక్స్‌కు మస్కట్ అయిన మీలోకు పుట్టుకతో ఒక పాదం లేదు. ఇక్కడ పోటీ ఉంది, కాని పోటీపడినది ఒక బిడ్డ కాదు, ఒక బడి. గెలుపు గర్వం, ఓటమి బరువు రెండూ పంచుకున్నారు. శీతాకాల క్రీడలు జరిగే ఉత్తరపు ఆల్ప్స్‌కు దూరంగా, దేశానికి దక్షిణ కొసన ఉన్న ఊరికి ఆ అవకాశం దక్కడం కూడా ఈ పద్ధతి వల్లే సాధ్యమైంది.

పిల్లలు గీయలేదు, ఎంచుకున్నారు: టోక్యో ఓటింగు

టోక్యో 2020 నిర్వాహకులు ఇంకో దారి పట్టారు. మస్కట్ డిజైన్లను అందరినుంచీ ఆహ్వానించారు, 2,042 వచ్చాయి. నిపుణులు వాటిని మూడుకు కుదించారు. ఆ మూడింటిలో ఒకదాన్ని ఎంచుకునే అధికారాన్ని ప్రాథమిక పాఠశాలల పిల్లలకు అప్పగించారు. 16,769 బడులనుంచి 2,05,755 తరగతులు ఓటు వేశాయి. గెలిచిన జంటకు 1,09,041 ఓట్లు, రెండవదానికి 61,423, మూడవదానికి 35,291 వచ్చాయి. 2018 ఫిబ్రవరిలో ఫలితం ప్రకటించారు. తర్వాత ఆ జంటకు మిరైతోవా, సొమైటీ అని పేర్లు పెట్టారు.

గమనించవలసిన విషయం ఓటు వేసింది పిల్లవాడు కాదు, తరగతి. ఒక తరగతికి ఒకే ఓటు. దీని పర్యవసానం ఒక ఊహాజనిత లెక్కలో చూద్దాం. మూడు తరగతులు ఉన్నాయనుకుందాం. మొదటి తరగతిలో పదిమంది. వారిలో ఆరుగురు 'క' బొమ్మను, నలుగురు 'గ' బొమ్మను కోరారు. రెండవ తరగతిలోనూ పదిమంది, అక్కడా అలాగే ఆరు, నాలుగు. మూడవ తరగతిలో నలభైమంది. వారిలో అయిదుగురు మాత్రమే 'క' అన్నారు, ముప్పై అయిదుగురు 'గ' అన్నారు. తరగతికి ఒక ఓటు చొప్పున లెక్కిస్తే 'క' రెండు ఓట్లతో గెలుస్తుంది. పిల్లలను విడివిడిగా లెక్కిస్తే 'క'కు 17, 'గ'కు 43, అంటే 'గ' రెండున్నర రెట్ల ఆధిక్యంతో గెలుస్తుంది.

అలాగని తరగతి ఓటు అన్యాయమని తీర్మానించడం తొందరపాటు. కొండప్రాంతంలోనో ద్వీపంలోనో నలుగురు పిల్లలున్న తరగతి, మహానగరంలో నలభైమంది ఉన్న తరగతితో సమానంగా నిలిచేది ఈ పద్ధతిలోనే. పైగా ఒక్క ఓటు మీద ఏకాభిప్రాయానికి రావాలంటే తరగతి గదిలో చర్చ జరగాలి, ఒకరు చెప్పేది ఇంకొకరు వినాలి. విడివిడిగా బటన్ నొక్కే ఓటింగులో ఆ చర్చకు చోటు లేదు. మరోవైపు విమర్శ కూడా బరువైనదే. పిల్లల ముందుకు వచ్చిన మూడు బొమ్మలూ పెద్దలు గీసి, పెద్దలు వడపోసినవి. పిల్లలకు దక్కింది చివరి మెట్టు మాత్రమే. నా మటుకు, లక్షల తరగతుల్లో చర్చ జరగడమే ఆ పద్ధతి సాధించిన పెద్ద ఫలితం. ఏ బొమ్మ గెలిచిందన్నది దాని తర్వాతి సంగతి.

మార్కుల లెక్క ఎవరిని గెలిపిస్తుంది?

పోటీ అన్నాక తీర్పు తప్పదు. పిల్లల బొమ్మల విషయంలో తీర్పు పద్ధతి ఫలితాన్ని ఎంతగా మారుస్తుందో చాలామంది గమనించరు. రెండు బొమ్మలు, ముగ్గురు న్యాయనిర్ణేతలు, పదేసి మార్కులు అనుకుందాం. మొదటి ఇద్దరూ మొదటి బొమ్మకు 7, రెండవదానికి 8 ఇచ్చారు. మూడవవారు మొదటి బొమ్మకు 10, రెండవదానికి 4 ఇచ్చారు. మార్కులు కూడితే మొదటి బొమ్మకు 24, రెండవదానికి 20. ముగ్గురిలో ఇద్దరు రెండవ బొమ్మే మెరుగన్నా మొదటిది గెలిచింది. అవే తీర్పులను మార్కులుగా కాక స్థానాలుగా కూడితే రెండవ బొమ్మ గెలుస్తుంది. మార్కులు ధారాళంగా ఎక్కువ తక్కువలు చేసే న్యాయనిర్ణేత మాట, ఆచితూచి వేసేవారి మాటకంటే తెలియకుండానే బరువెక్కుతుంది. ఇది ఎవరి తప్పూ కాదు, లెక్కించే పద్ధతిలోనే ఉన్న గుణం. స్థానాల పద్ధతికీ లోటు ఉంది. ఒకటి రెండు స్థానాల మధ్య తేడా వెంట్రుకవాసి అయినా, ఆకాశమంత అయినా అందులో ఒక్కటిగానే కనిపిస్తుంది.

అంతర్జాతీయ పోటీల్లో దీనికి దేశాల కోటా తోడవుతుంది. ప్రతి దేశంనుంచి అయిదు బొమ్మలే తుది దశకు వెళ్లాలన్న నియమం ఉందనుకుందాం. పదివేల ఎంట్రీలు వచ్చిన దేశంలో రెండువేలమందిలో ఒకరికి, నలభై ఎంట్రీలు వచ్చిన దేశంలో ఎనిమిదిమందిలో ఒకరికి అవకాశం దక్కుతుంది. బిడ్డ ప్రతిభనే కొలవాలనుకుంటే ఇది పెద్ద అసమానత. ప్రదర్శనలో అన్ని దేశాల ఊహలూ కనిపించాలనుకుంటే ఇదే సరైన నియమం. కోటా తీసేస్తే గోడ నిండా రెండు మూడు పెద్ద దేశాల బొమ్మలే ఉంటాయి. ప్రతిభ పోటీ, దేశాల ప్రదర్శన అనే రెండు లక్ష్యాలలో ఏది తమదో నిర్వాహకులు ముందే తేల్చుకుని ప్రకటిస్తే, ఓడిన బిడ్డకు ఎందుకు ఓడిందో చెప్పడానికి ఉపాధ్యాయులకు ఒక ఆధారం దొరుకుతుంది.

వయసు విభాగాలు, భాష కూడా ఇక్కడే అడ్డొస్తాయి. ఆరేళ్ల బిడ్డ గీతనూ పన్నెండేళ్ల బిడ్డ గీతనూ ఒకే కొలతతో చూస్తే గెలిచేది చేతి నేర్పు, ఊహ కాదు. వ్యాసాన్ని ఒక్క భాషలోనే రాయాలంటే ఆ భాష ఇంట్లో మాట్లాడే పిల్లలు అందరికంటే ముందు వరుసలో నిలబడి పరుగు మొదలుపెట్టినట్టే. చిత్రలేఖనం అంతర్జాతీయ పోటీల్లో అంతగా నిలదొక్కుకోవడానికి ఒక కారణం దానికి అనువాదం అక్కర్లేకపోవడం.

బహుమతి ఊహను పెంచుతుందా, తగ్గిస్తుందా?

దీని మీద మనస్తత్వ శాస్త్రంలో అర్ధశతాబ్దంగా వాదం నడుస్తోంది. 1973లో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే పరిశోధకులు బొమ్మలు గీయడమంటే ఇష్టపడే బాలబడి పిల్లలను మూడు బృందాలుగా చేశారు. ఒక బృందానికి బొమ్మ గీస్తే రిబ్బను కట్టిన ప్రశంసాపత్రం ఇస్తామని ముందే చెప్పారు. రెండవ బృందానికి చెప్పకుండా, గీశాక ఇచ్చారు. మూడవదానికి ఏమీ లేదు. కొద్దిరోజుల తర్వాత ఆటసమయంలో గమనిస్తే, ముందే బహుమతి మాట విన్న పిల్లలు మిగతావారికంటే దాదాపు సగం సమయమే బొమ్మలు గీశారు. అనుకోకుండా బహుమతి అందుకున్నవారి ఇష్టం తగ్గలేదు. 1982లో తెరెసా అమాబిలే ప్రచురించిన మరో అధ్యయనంలో, బహుమతుల కోసం పోటీపడిన బాలికలు కాగితపు ముక్కలు అతికించి చేసిన కొలాజ్‌లు, పోటీ లేకుండా చేసినవారి కొలాజ్‌లకంటే తక్కువ సృజనాత్మకంగా ఉన్నాయని కళాకారులు తీర్పు చెప్పారు.

ఎదుటి పక్షం ఊరుకోలేదు. 1994లో జూడీ కామెరాన్, డేవిడ్ పియర్స్ అప్పటిదాకా వచ్చిన ప్రయోగాలను కలిపి విశ్లేషించి, బహుమతులు సహజమైన ఆసక్తిని సాధారణంగా దెబ్బతీయవని వాదించారు. 1999లో ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ కోస్ట్‌నర్, రిచర్డ్ రయాన్ 128 అధ్యయనాలను పరిశీలించి, ముందే చెప్పి ఇచ్చే వస్తురూప బహుమతులు ఆసక్తిని తగ్గిస్తాయనీ, ఆ ప్రభావం పెద్దలకంటే పిల్లల్లో ఎక్కువనీ తిరిగి నిరూపించబూనారు. నోటిమాటగా చెప్పే మెప్పు చెరుపు చేయదన్న విషయంలో మాత్రం రెండు పక్షాల మధ్య పెద్ద తేడా లేదు.

ఈ పరిశోధనలను చదివేటప్పుడు ఒక హద్దు గుర్తుంచుకోవాలి. లెప్పర్ బృందం ఎంచుకున్నది అప్పటికే బొమ్మలంటే ఇష్టమున్న పిల్లలను. అసలు రంగులు ముట్టని బిడ్డను పోటీ ప్రకటన మొదటిసారి కాగితం ముందు కూర్చోబెట్టవచ్చు. ఆ బిడ్డ విషయంలో పోయే ఇష్టం ఏదీ లేదు. కాబట్టి ఒకే పోటీ ఒక తరగతిలో కొందరికి తలుపు తెరవవచ్చు, ఇంకొందరికి అప్పటికే ఉన్న ఆనందాన్ని తగ్గించవచ్చు. పోటీలు మంచివా చెడ్డవా అని ఏకవాక్యంలో తేల్చలేకపోవడం ఇందువల్లే.

ఒక బడికి ఒక దేశం: నగానో నేర్పిన పద్ధతి

పోటీ ఊసు లేకుండా నడిచిన ఆదానప్రదానానికి బాగా తెలిసిన ఉదాహరణ 1998 నగానో శీతాకాల ఒలింపిక్స్. దానికి బీజం నాలుగేళ్ల ముందే పడింది. 1994 హిరోషిమా ఆసియా క్రీడల్లో నగరంలోని సామాజిక కేంద్రాలు ఒక్కొక్కటీ ఒక్కొక్క దేశాన్ని ఎంచుకుని, ఆ దేశం గురించి తెలుసుకుని, ఆ జట్టును ప్రోత్సహించాయి. నగానో ఆ ఆలోచనను బడుల్లోకి తెచ్చింది. ఒక్కో పాఠశాల ఒక్కో దేశాన్ని స్వీకరించి ఆ దేశపు భాషలో పలకరింపులు, చరిత్ర, పాటలు నేర్చుకుంది, అక్కడివారితో ఉత్తరాలు నడిపింది, క్రీడాకారులను బడికి ఆహ్వానించింది. బోస్నియా-హెర్జెగోవినాను స్వీకరించిన బడి పిల్లలు ఆ దేశంలో యుద్ధం మిగిల్చిన మందుపాతరల గురించి తెలుసుకున్నారు. 1984లో శీతాకాల ఒలింపిక్స్‌కు ఆతిథ్యమిచ్చిన సరయేవో నగరం పదేళ్లు తిరక్కుండానే ముట్టడిలో చిక్కుకున్న సంగతి వారికి అట్లాసులోనో జెండాలోనో దొరికేది కాదు. తర్వాతి ఆతిథ్య నగరాల్లో కొన్ని ఈ పద్ధతిని అందిపుచ్చుకున్నాయి. 2008లో బీజింగ్ 200కు పైగా బడులను వివిధ దేశాలతో జతచేసింది.

ఇలాంటి పరిచయం మనసులను మారుస్తుందా అన్న ప్రశ్నకు మూలం 1954లో గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త చేసిన ప్రతిపాదనలో ఉంది. రెండు సమూహాలు కలిసినంతమాత్రాన అపోహలు పోవని, ఇద్దరికీ సమానమైన స్థాయి, ఉమ్మడి లక్ష్యం, పరస్పర సహకారం, సంస్థల అండ ఉన్నప్పుడు పోయే అవకాశం ఎక్కువని ఆయన చెప్పారు. 2006లో థామస్ పెటిగ్రూ, లిండా ట్రాప్ 515 అధ్యయనాలను కలిపి చూసి, పరిచయం సాధారణంగా దురభిప్రాయాలను తగ్గిస్తుందనీ, ఆ నాలుగు షరతులూ ఉంటే ఫలితం మెరుగవుతుందే గాని అవి లేకుంటే ఫలితమే ఉండదని కాదనీ నిర్ధారించారు.

ఈ షరతులను పట్టి చూస్తే బడుల కార్యక్రమాల్లో ఎక్కడ బలహీనత ఉందో కనిపిస్తుంది. ఆతిథ్య నగరపు బడికి దేశం 'కేటాయిస్తారు'. ఆ దేశంలో మాత్రం ఏ బడికీ ఆ సంగతి తెలియకపోవచ్చు. అప్పుడు ఒక పక్షం అధ్యయనం చేస్తుంది, మరో పక్షం అధ్యయన వస్తువు అవుతుంది. రెండు పక్షాలకూ సమాన స్థాయి అక్కడే పోయింది. దుస్తులు, వంటకాలు, నృత్యాల దగ్గరే ఆగిపోయిన పాఠం మరో ప్రమాదం. ప్రతి దేశాన్నీ మూడు బొమ్మలకు కుదించి నేర్పితే ఉన్న అపోహలు రంగులద్దుకుని గట్టిపడతాయి. దీనికి ప్రతివాదం కూడా వినవలసిందే. ఎనిమిదేళ్ల బిడ్డకు మరో దేశాన్ని ఎక్కడోచోట మొదలుపెట్టి చెప్పాలి కదా, కంటికి కనిపించే దుస్తులూ పాటలకంటే మంచి ద్వారం ఏముందని చాలామంది ఉపాధ్యాయులు అంటారు. వాదమంతా ఆ ద్వారం దగ్గరే నిలిచిపోవడం గురించి.

వేదికమీద నిలబడే బిడ్డ ఎవరికి ప్రతినిధి?

పిల్లలను దేశానికి ప్రతీకలుగా నిలబెట్టినప్పుడు చిక్కు ఎక్కడ వస్తుందో 2008 ఆగస్టు 8న బీజింగ్ ప్రారంభోత్సవం చూపించింది. చైనాలోని 56 జాతులకు ప్రతినిధులంటూ ఆయా సంప్రదాయ దుస్తుల్లో జాతీయ పతాకాన్ని తెచ్చిన పిల్లల్లో అత్యధికులు మెజారిటీ హాన్ జాతివారేనని, ఒక బాలల కళాబృందానికి చెందినవారని తర్వాత తెలిసింది. అదే వేడుకలో ఒక చిన్నారి పాడినట్లు కనిపించిన పాట మరో చిన్నారి గొంతు అని సంగీత దర్శకుడే వెల్లడించారు. తెర మీద కనిపించే రూపానికి ఒకరిని, గొంతుకు మరొకరిని ఎంచుకున్నారన్నమాట. రంగస్థల వేడుకలో నటన సహజమేననీ, పిల్లలు పాత్రధారులేననీ అన్నవారు ఉన్నారు. ఒక పాత్ర ధరించిన బిడ్డనూ, ఒక జాతికి ప్రతినిధిగా పరిచయం చేసిన బిడ్డనూ ప్రేక్షకులు ఒకే విధంగా స్వీకరించరని అన్నవారూ ఉన్నారు. నాకు రెండవ వాదమే బలమైనదిగా కనిపిస్తుంది. గొంతు బాగుండి రూపం సరిపోదన్న తీర్పును ఏడేళ్ల వయసులో వినవలసి రావడాన్ని నటన అనే మాట కప్పలేదు.

ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో రెండు అధికరణాలు ఇక్కడ నేరుగా వర్తిస్తాయి. 31వ అధికరణం విశ్రాంతి, ఆట, సాంస్కృతిక జీవితంలో, కళల్లో పాల్గొనడాన్ని పిల్లల హక్కుగా గుర్తించింది. 12వది తమకు సంబంధించిన విషయాల్లో తమ అభిప్రాయం చెప్పే హక్కునూ, వయసుకు, పరిణతికి తగినట్లు దానికి విలువ దక్కే హక్కునూ ఇచ్చింది. సాంస్కృతిక కార్యక్రమాల్లో పిల్లలకు చోటివ్వడం వరకు చాలామంది నిర్వాహకులు వస్తారు. ఆ కార్యక్రమం ఎలా ఉండాలో పిల్లలను అడగడం వరకు వచ్చేవారు తక్కువ.

బొమ్మ ఎవరిది, వివరాలు ఎవరి దగ్గర?

కాపీరైట్ విషయంలో సూత్రం సులువు. కాపీరైట్ మీద కుదిరిన అంతర్జాతీయ బెర్న్ ఒప్పందాన్ని అనుసరించే దేశాల్లో రచన పుట్టగానే హక్కు పుడుతుంది, నమోదు అవసరం లేదు, గీసినవారి వయసుతో సంబంధం లేదు. ఆరేళ్ల బిడ్డ గీసిన గుర్రానికి ఆ బిడ్డే కర్త. చిక్కు తర్వాతి మెట్టులో ఉంది. పోటీ షరతుల్లో సాధారణంగా రెండు రకాల వాక్యాల్లో ఒకటి ఉంటుంది. 'ఎంట్రీల మీద సర్వహక్కులు నిర్వాహకులవే' అంటే అది హక్కుల బదలాయింపు. రేపు ఆ బొమ్మను బిడ్డ తన పుస్తకంలో వేసుకోవాలన్నా అనుమతి కావాలి. 'ప్రదర్శనకు, ప్రచారానికి వాడుకునే అనుమతి ఇస్తున్నాము' అంటే అది లైసెన్సు. హక్కు బిడ్డ దగ్గరే ఉంటుంది.

మస్కట్ పోటీలో బదలాయింపు అడగడానికి కారణం ఉంది. ఆ బొమ్మ లక్షల వస్తువుల మీద ముద్రపడుతుంది, దాని హక్కు ఒక్కచోటే లేకపోతే నకళ్లను అడ్డుకోవడం సాధ్యం కాదు. కాని ఆ కారణం గెలిచిన ఒక్క బొమ్మకే వర్తిస్తుంది. గెలవని వేల బొమ్మల హక్కులనూ అదే వాక్యంతో తీసుకోవడానికి అది సమర్థన కాదు. మైనర్ల ఒప్పందాలకు చాలా దేశాల చట్టాల్లో పరిమితులున్నాయి కాబట్టి సంరక్షకుల సంతకం అడుగుతారు. అంటే బిడ్డ బొమ్మ మీద నిర్ణయం ఆచరణలో పెద్దలదే అవుతుంది.

బొమ్మ వెనుక రాసే పేరు, వయసు, బడి, ఫోన్ నంబరు మరో సమస్య. ఆన్‌లైన్ సేవల్లో పిల్లల వివరాలు తీసుకోవడానికి తల్లిదండ్రుల అనుమతి ఏ వయసు వరకు అవసరమన్న దాని మీద దేశాలు ఏకీభవించలేదు. అమెరికా చట్టంలో 13 ఏళ్ల లోపు. ఐరోపా సమాఖ్య నిబంధనల్లో 16, సభ్యదేశాలు దాన్ని 13 దాకా తగ్గించుకోవచ్చు. భారతదేశపు 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం 18 ఏళ్ల లోపు వారందరినీ పిల్లలుగానే లెక్కించింది. కాబట్టి 14 ఏళ్ల విద్యార్థులు ఒకే అంతర్జాతీయ పోటీకి మూడు దేశాలనుంచి మూడు వేర్వేరు షరతుల కింద వివరాలు పంపవలసి రావచ్చు.

ఐదు వలయాల ఒలింపిక్ చిహ్నం సంగతి కూడా చెప్పుకోవాలి. 1981 నైరోబీ ఒడంబడికలో చేరిన దేశాలు ఆ చిహ్నాన్ని వ్యాపార ప్రయోజనాలకు అనుమతి లేకుండా వాడకుండా కాపాడతాయి. పిల్లవాడు తన బొమ్మలో వలయాలు గీసుకోవడం వేరు, ఒక వ్యాపార సంస్థ తన పేరు పక్కన వలయాలు వేసి పిల్లల పోటీ ప్రకటించడం వేరు. ప్రాయోజకులుగా భారీగా చెల్లించిన సంస్థలకు తప్ప మరెవరికీ ఆ అవకాశం ఉండదు. అందుకే స్థానికంగా జరిగే చాలా పోటీలు 'క్రీడలు', 'స్నేహం' వంటి మాటలతోనే సరిపెట్టుకుంటాయి.

ముగింపు వేడుక తర్వాత నిలిచేది ఏమిటి?

పోటీకి ఈ ప్రశ్న రాదు, అది ఫలితంతో ముగుస్తుంది. మిగిలేది అసలు చిత్రాలు బిడ్డలకు తిరిగి చేరాయా, ఎక్కడైనా భద్రపరిచారా అన్న విషయం ఒక్కటే. చాలా పోటీలు 'ఎంట్రీలు తిరిగి పంపబడవు' అని ముందే రాస్తాయి.

ఆదానప్రదానానికి మాత్రం అసలు పరీక్ష క్రీడలు ముగిశాకే. టోక్యో క్రీడల కోసం జపాన్‌లో 500కు పైగా స్థానిక సంస్థలు 'ఆతిథ్య పట్టణాలు'గా నమోదై వివిధ దేశాలతో జతకట్టాయి. కొవిడ్ వల్ల క్రీడలు 2021కి వాయిదాపడ్డాయి, చాలా వేదికల్లో ప్రేక్షకులనే అనుమతించలేదు. క్రీడాకారులు బడులకు రావడం చాలావరకు ఆగి, పలకరింపులు వీడియో తెరల మీదికి మారాయి. ముఖాముఖి కలయిక మీదే ఆధారపడిన ప్రణాళికలు దెబ్బతిన్నాయి. ముందునుంచే ఉత్తరాలు, బొమ్మలు, వీడియోలు ఇచ్చిపుచ్చుకుంటున్న చోట్ల కొనసాగించడం తేలికైంది.

దీర్ఘకాలంలో ఇంకో అడ్డంకి ఉంది, అది పిల్లలు పెరగడమే. అయిదవ తరగతిలో ఉత్తరం రాసిన బిడ్డ రెండేళ్లకు మరో బడిలో ఉంటుంది, ఆ పని మొదలుపెట్టిన ఉపాధ్యాయుడు బదిలీ అవుతాడు, క్రీడోత్సవం కోసం వచ్చిన నిధులు ఆ ఏడాదితో ఆగిపోతాయి. స్నేహాన్ని బిడ్డకూ బిడ్డకూ మధ్య కట్టిన కార్యక్రమాలు ఆ తరగతితోనే ముగుస్తాయి. బడికీ బడికీ మధ్య కట్టి, ప్రతి ఏడాదీ ఫలానా తరగతి ఫలానా నెలలో రాయాలని పాఠ్యప్రణాళికలో పెట్టుకున్నవి మాత్రం కొత్తగా వచ్చిన పిల్లలతోనూ నడుస్తాయి.